పెద్దావిడ దవడ

గురువారం పొద్దున కరెంటు వచ్చి, కుట్టు హాల్లో మిషన్లన్నీ ఒక్కసారిగా గుర్రుమన్నాక కూడా పెద్దావిడ ఎవర్నీ తిట్టలేదు. ఫ్యాను తన వైపు తిప్పుకున్న ముందు వరసామెను తిట్టలేదు. కాలరు ముక్కల బండిల్‌కి కట్టిన పీలిక ఎంతకీ ఊడి రాకపోతే, ఆ ముడి వేసిన కటింగు వాళ్ళ చేతులు విరగాలని కూడా అనలేదు. ముడిని ఓపిగ్గా గోటితో విప్పి, రెండు పొరలు కలిపి కుట్టి, తిరగేసి, మొద్దు పుల్లతో మొనలు పొడిచి, కాలరును వెనక్కి అందించి ఇంకోటి తీసుకుంది. ఎడం చెంపను మాత్రం భుజానికి ఆనించుకునే కుడుతోంది.

వెనక్కి అందించిన కాలరును అందుకునేది ఆమె కోడలే. కోడలు దాన్ని చొక్కా మెడకు అతికి తన వెనకామెకు ఇస్తుంది, ఆమె ఇంకొకరికి. అలా చేతులు మారుతూ చొక్కా హాలు చివరి ఇస్త్రీ బల్ల దాకా పోతుంది. మధ్యలో ఒక్క కుర్చీ ఖాళీ అయినా, దాని వెనకున్న వాళ్ళంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవలసిందే. అందుకే ఆ హాల్లో ఎవరి ఒంట్లో బాగా లేకపోయినా ముందు బెంగ పడేది సూపర్‌వైజరు.

పెద్దావిడ అన్న పేరు వయసుకు వచ్చింది కాదు, నోటికి వచ్చింది. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళు హాల్లో ఉన్నారు. మంచినీళ్ళ డ్రమ్ము ఖాళీ అయితే, బాత్రూం తాళం చెవి సూపర్‌వైజరు జేబులోకి చేరితే, అందరి చూపులూ మూడో వరసకే మళ్ళేవి. మూడో వరసలోంచి ఆమె లేచి నిలబడేది. ఆమె లేస్తే మిగతా వాళ్ళు హాయిగా తల దించుకుని కుట్టుకోవచ్చు. అదే ఆమె గర్వం. ఆ గర్వంలో మిగిలిపోయిన వెలితి ఒక్కటే, కోడలు. ఎవరేమన్నా 'సరే' అనేసే పిల్ల. సూపర్‌వైజరు తిట్టినా సరే అంటుంది, తను తిట్టినా సరే అంటుంది. నా కొడుక్కి నోట్లో నాలుక లేని పిల్ల దొరికిందని పెద్దావిడ హాలంతా వినేట్టు అనేది. కోడలు దానికీ ఏమీ అనేది కాదు.

కింది దవడ చివరి పన్ను వారం నుంచి సలుపుతోంది. ఆ సంగతి తనకూ తన దిండుకూ తప్ప ఎవరికీ తెలియదని పెద్దావిడ నమ్మకం. కానీ ఒకే కంచం కడిగే మనిషికి ఏది నమిలారో ఏది వదిలేశారో తెలియకుండా ఉంటుందా. మొన్ననే కోడలు, డాక్టరుకి చూపిద్దామా అత్తయ్యా అని గొణిగింది. పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి పరిగెత్తడానికి నేనేం మహారాణినా అని పెద్దావిడ ఒంటికాలి మీద లేచింది. కోడలు సరే అంది.

టీ వేళకు ఇస్త్రీ అక్క ఆమె నొప్పిని కనిపెట్టింది. హాల్లో అందరి నొప్పులకూ ఇస్త్రీ అక్క దగ్గర ఒకటే మందు. కటింగులో మిగిలిన ముక్కలను నాలుగు మడతలు వేసి, ఇస్త్రీ పెట్టె కింద అదిమి, ఆవిర్లు కక్కుతుండగా తెచ్చి ఇస్తుంది. నడుం పట్టేస్తే అదే, నెలసరి నొప్పికి అదే, మిషను తొక్కి తొక్కి మోకాలు బిగుసుకుంటే అదే. ఎవరూ దాన్ని వైద్యం అనుకోరు, ఒక పలకరింపు అనుకుంటారు. సూపర్‌వైజరు కూడా దానికి అడ్డు చెప్పడు, ఎందుకంటే గుడ్డ పెట్టుకుని పని చేసుకోవచ్చు.

వేడి తగలగానే ప్రాణం లేచి వచ్చినట్టయింది పెద్దావిడకు. చెంపకూ భుజానికీ మధ్య గుడ్డను ఇరికించుకుని కుట్టింది. చల్లారితే ఇస్త్రీ అక్క ఇంకోటి పంపింది. సాయంత్రం దాకా ఎన్ని గుడ్డలు మారాయో ఎవరూ లెక్క పెట్టలేదు. వేడి తీసినప్పుడల్లా నొప్పి ఇంకాస్త ఎక్కువై వస్తోంది, అందుకని ఇంకాస్త వేడి గుడ్డ కావాలనిపిస్తోంది. సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు కుళాయి దగ్గర అద్దంలో చూసుకుంది. ఎడం దవడ కింద కోడిగుడ్డు దాచుకున్నట్టు ఉబ్బి ఉంది. వాపు బయటికొస్తే లోపలి చెడు పోతున్నట్టేనని ఇస్త్రీ అక్క ధైర్యం చెప్పింది. పెద్దావిడ నమ్మింది. నమ్మకపోతే రేపు పని మానాలి, మానితే సూపర్‌వైజరు ముందు నిలబడి సెలవు అడగాలి. ఇంతవరకు అందరికీ అడిగి పెట్టిన మనిషి తనకోసం ఏనాడూ అడగలేదు.

శుక్రవారం ఆమె తలకూ గడ్డానికీ కలిపి గుడ్డ కట్టుకుని వచ్చింది. మొహం ఒక పక్కకు వాలిపోయినట్టుంది. పొద్దున పాలు తాగబోతే పళ్ళ మధ్య వేలు మందం కూడా సందు రాలేదు. గ్లాసు అంచు ఆనించి కోడలు కొంచెం కొంచెంగా పోసింది, సగం గడ్డం మీద కారింది. ఈ రోజు వద్దత్తయ్యా, ఇటునుంచి ఇటే ఆసుపత్రికి వెళదాం అని కోడలు మళ్ళీ అంది. పెద్దావిడ చెప్పులేసుకుని ముందు నడిచింది.

పని మొదలైన కాసేపటికి సూపర్‌వైజరు హాలు మధ్యకొచ్చి చేతులు తట్టాడు. మణికట్టు కేసి చూడకుండా ఒక్క మాటైనా మాట్లాడలేడు కనుక పెద్దావిడ అతనికి గడియారం అని పేరు పెట్టింది, ఆ పేరు అతని చెవిన కూడా పడింది. సోమవారం సరుకు ఎక్కించడానికి లారీ వస్తుందని, చొక్కాలు ఇంకా చాలా మిగిలాయని, అందుకని ఈ ఆదివారం కూడా అందరూ రావాలని చెప్పాడు. పోయిన ఆదివారం వచ్చారు. అంతకు ముందుదీ వచ్చారు. ఇదే ఆఖరు అని రెండుసార్లూ అతనే చెప్పాడు. వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు. ఒకామె తన పిల్ల జ్వరం గురించి పక్కామె చెవిలో ఏదో అంది.

"ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నాడు సూపర్‌వైజరు.

అందరూ మూడో వరస కేసి చూశారు.

పెద్దావిడ లేచింది. చెప్పవలసిన మాటలు నాలిక చివరనే ఉన్నాయి. మేం మనుషులమా మరలమా అని మొదలుపెట్టి అతన్ని నిలువునా కడిగేద్దామనుకుంది. దవడ తెరవబోయింది. చెవి దగ్గరనుంచి మెడ నరం దాకా ఎవరో లోపలినుంచి పట్టి లాగారు. ఊ అని ఒక మూలుగు బయటికొచ్చింది, అంతే.

సూపర్‌వైజరు ఆగాడు. ఆమె వైపు చూశాడు, ఆ కట్టిన గుడ్డ వైపు, ఆ వాపు వైపు. అతని మొహంలో ఒక వెలుగు మెల్లిగా వచ్చింది. ఏమ్మా, ఏమైనా అంటారా అని ఎంతో మర్యాదగా అడిగి, మణికట్టు చూసుకుని, మళ్ళీ ఆమె కేసి చూశాడు.

"సరే. పెద్దావిడే ఒప్పుకున్నాక ఇంకేముంది, అందరూ ఒప్పుకున్నట్టే."

ఆమె తల అడ్డంగా ఊపింది. చెయ్యి కూడా ఊపింది. అప్పటికే అతను వెనక్కి తిరిగి నడుస్తున్నాడు. హాల్లో ఒక్కొక్క మిషనూ మళ్ళీ మొదలైంది. కొందరు ఆమెను చూసి చూపు తిప్పుకున్నారు. పిల్లకు జ్వరం వచ్చినామె మాత్రం తిప్పుకోలేదు, అలాగే చూస్తూ ఉండిపోయింది. నువ్వు కూడానా అని అడిగినట్టుంది ఆ చూపు.

పెద్దావిడ కూర్చుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. పంటి నొప్పి ఈ మంట ముందు ఏ మూలకూ రాలేదు. తన నోరు పని చెయ్యని ఒక్క రోజు చూసి, ఆ నోటితోనే అందరి చేతా ఊకొట్టించాడు. తిడితే పడేది, ఉద్యోగం తీసేస్తానంటే చూసుకునేది, కానీ ఒప్పుకుందని అనడం ఏమిటి. ఆమె బతుకులో ఆ ముక్క ఎవరూ ఆమె గురించి అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే అవి నొప్పివని అందరూ అనుకునేట్టు తల వంచుకుని కుట్టింది.

కాలరు అందుకున్న కోడలి వేలికి తడి తగిలింది. తెల్లటి గుడ్డ మీద పెసర గింజంత మరక. తరవాతి కాలరు మీద ఇంకోటి. కోడలు లేచి ముందుకొచ్చి చూసింది. పెద్దావిడ తువ్వాలు అంచును పెదాల మధ్య పెట్టుకుని ఉంది, తువ్వాలు పిండేట్టుగా తడిసింది. కోడలు గడ్డం కట్టు కొంచెం కిందికి జరిపి వేళ్ళతో తాకింది. పొద్దున ఒక పక్కనే ఉన్న వాపు గడ్డం కిందుగా మధ్యకు పాకింది. మెత్తగా లేదు, చెక్కలా గట్టిగా ఉంది, కాలుతోంది.

"అత్తయ్యా, గుటక పడుతోందా?"

పెద్దావిడ లేదన్నట్టు తలూపింది. ఉమ్మి మింగడం కూడా ఎప్పుడో మానేసింది. ఇప్పటిదాకా ఆ సంగతి తనకు తనే ఒప్పుకోలేదు.

కోడలు సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల అటువైపు తనంతట తను వెళ్ళడం హాల్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఏం మాట్లాడుకున్నారో మిషన్ల రొదలో అందరికీ వినపడలేదు. అతను నవ్వడం కనపడింది. పంటి నొప్పికి గేటు పాసేమిటన్నాడని, లైను మధ్యలో రెండు కుర్చీలు ఖాళీ అయితే వెనకున్న వాళ్ళు ఏం కుడతారన్నాడని, సాయంత్రం తీరిగ్గా వెళ్ళమన్నాడని, ఈ లోపు కాలర్ల మీద మరకలు పడకుండా ఆవిణ్ణి గుడ్డ అడ్డం పెట్టుకోమన్నాడని తరవాత ఇస్త్రీ అక్క చెప్పింది. కోడలు ఇంకోసారి అడిగింది. అతను మణికట్టు చూసుకున్నాడు. ఆమె తల దించుకుని తిరిగొచ్చింది.

ఇంతే కదా, నీళ్ళు నమిలి వచ్చేసిందనుకుంది పెద్దావిడ.

కోడలు తన మిషను దగ్గర కూర్చోలేదు. వంగి స్విచ్చి ఆపింది. ముందుకొచ్చి అత్త మిషను స్విచ్చి ఆపింది. సూది కింద ఉన్న కాలరును మిషను పాదం ఎత్తి బయటికి తీసి, దారం తెంచి, మడిచి పక్కన పెట్టింది. పని సగంలో వదిలేసే మనిషి కాదు. తరవాత అత్త జబ్బ పట్టుకుని పదండి అంది. మూడో వరసలో రెండు మిషన్లు ఆగితే ఆ లోటు హాలంతటికీ వినపడింది.

సూపర్‌వైజరు లేచి నిలబడ్డాడు. పాసు లేకుండా గేటు దాటితే మళ్ళీ ఈ హాల్లో అడుగు పెట్టక్కర్లేదని అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"సరే సార్," అంది కోడలు. ఎప్పుడూ అనే సరేనే. గొంతు కూడా మారలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ పాసు కోసం చెయ్యి చాపాడు. కోడలు అత్త గడ్డం కట్టు విప్పి చూపించింది. వాచ్‌మన్ ఆ మొహం చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, గడియ తీసి, వీధి అవతల ఏదో పని ఉన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాసుపత్రిలో ఆ రోజు వాళ్ళను ఎవరూ వెళ్ళగొట్టలేదు. వెళ్ళగొడితే పోట్లాడవచ్చు. అందరూ మర్యాదగానే పక్క కౌంటరు చూపించారు. పళ్ళ విభాగంలో ఈ పూటకు చీటీలు అయిపోయాయి, రేపు పొద్దున్నే రండి అన్నారు. అత్యవసర విభాగానికి వెళితే అక్కడి గుమాస్తా, యాక్సిడెంటా, గుండె నొప్పా, కాలిందా అని అడిగి, పన్ను అనగానే పెన్ను కింద పెట్టేశాడు. పన్నయితే పళ్ళ విభాగమే చూడాలట. ఆ విభాగానికీ ఈ విభాగానికీ మధ్య ఒక పొడుగాటి నడవా. ఆ నడవాలో వాళ్ళు అటూ ఇటూ తిరిగారు. రెండోసారి వెనక్కి వస్తుంటే పెద్దావిడకు కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. మెడ బిగుసుకుపోతోంది. లోపలికి పీల్చే గాలి ఏదో సన్నటి గొట్టంలోంచి వస్తున్నట్టుంది. పంటి నొప్పికి మనిషి చస్తుందా అని మొదటిసారి ఆమెకు అనుమానం వచ్చింది. భయం వేసింది. దానికంటే ఎక్కువ కోపం వచ్చింది, ఒప్పుకుందన్న మాట తన మీద ఉండగా ఇలా పోవడమా అని.

కోడలు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నడవా అంతా కలయజూసింది. బెంచీల మీద కూర్చున్న వాళ్ళను దాటుకుంటూ డాక్టర్లూ నర్సులూ వెళుతున్నారు. ఒక్కరూ ఎవరి కేసీ చూడడం లేదు. గోడ పక్కన ఖాళీ స్ట్రెచర్ ఒకటుంది. దాని చక్రం కదలకుండా ఆపే ఇనప చీలను కాలితో తన్ని, తోసుకుంటూ తెచ్చింది. ఎక్కండి అంది. పెద్దావిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఎవరిదో సామాను మనం తీసుకోవడమేమిటని అడుగుదామనుకుంది కానీ అడగడానికి నోరేది. కోడలు ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి ఎత్తి కూర్చోబెట్టింది, స్ట్రెచర్‌ని తిన్నగా అత్యవసర విభాగం తలుపు మధ్యకు తోసింది, ఆపింది. లోపలికి వెళ్ళేవాళ్ళు వెళ్ళలేరు, బయటికొచ్చేవాళ్ళు రాలేరు.

బెంచీ మీద ఉన్నంతసేపూ ఎవరికీ పట్టని మనిషి స్ట్రెచర్ ఎక్కగానే అందరికీ పట్టింది. ఎవరి పేషెంటు ఇది అని ఒక నర్సు అడిగింది. ఎవరు పంపారని వార్డుబాయ్ అడిగాడు. గుమాస్తా కుర్చీలోంచి లేచి, ఇందాకే చెప్పాను కదమ్మా, తియ్యండి దీన్ని అన్నాడు. కోడలు స్ట్రెచర్ కడ్డీ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"తియ్యనండి. ఎవరో ఒకరు వచ్చి మా అత్తయ్యని చూసేదాకా తియ్యను."

గట్టిగా అనలేదు. అరిచి ఉంటే సర్దిచెప్పి పంపేవారేమో. ఇంత మెల్లిగా మొండికేసే మనిషితో ఏం చెయ్యాలో వాళ్ళకు పాలుపోలేదు. ఎలాగైనా తలుపు ఖాళీ అయితే చాలని వార్డుబాయ్, ముందు పడుకోబెట్టండి, పక్కకి తోస్తాను అంటూ పెద్దావిడ భుజాలు పట్టి వెనక్కి వాల్చాడు.

వాలగానే ఆమెకు ఊపిరి అందలేదు. గొంతులో గరగరమంది. రెండు చేతులూ గాలిలో వెతుక్కున్నాయి. ఎగిరి లేచి కూర్చుని కోడలి జాకెట్టు పట్టుకుని గుంజింది. ఆ శబ్దానికి లోపల పరదా అవతలున్న ఒక డాక్టరమ్మ తల తిప్పింది, చేతిలో ఉన్నది నర్సుకిచ్చి పరుగున వచ్చింది. పడుకోబెట్టొద్దు, కూర్చోనివ్వండి అంది. గడ్డం కింద తడిమింది. నాలిక పైకి ఎత్తమంది, ఎత్తలేకపోయింది. నోరు తెరవమంది, వేలు దూరలేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. కోడలు అన్నీ వరసగా చెప్పింది, వారంగా సలుపు, నిన్న సాయంత్రం నుంచి వాపు, పొద్దుటి నుంచి మింగుడు పడకపోవడం, ఒంటి కాక.

డాక్టరమ్మ గుమాస్తా వైపు తిరిగి, పన్నని పంపించేశారా అని అడిగింది. అతను ఏదో చెప్పబోయాడు. ఆమె వినకుండానే పళ్ళ విభాగంలో ఆపరేషన్ చేసే డాక్టరును వెంటనే రమ్మని ఫోను చేయించింది. ఇందాక చీటీలు అయిపోయాయన్న చోటి నుంచే ఆ డాక్టరు మెట్లు దిగి వచ్చాడు.

తరవాత జరిగినవి పెద్దావిడకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. చేతికి సూది, నరంలోకి చల్లగా మందు. కూర్చోబెట్టే గడ్డం కింద మత్తు ఇచ్చి, చిన్న గాటు పెట్టారు. లోపల పట్టిన చీము బయటికి పోతుంటే ఆ వాసనకు ఆమే ముక్కు మూసుకోబోయింది. కాసేపటికి ఒక గుటక పడింది. సొంత ఉమ్మి మింగడం అంత సుఖమని ఆమెకు ఎన్నడూ తెలియదు. దవడ కాస్త సడలాక ఆ పన్ను కూడా పీకేశారు. అంత చేసిన పన్ను చూస్తే వేలి గోరంత లేదు.

బయటినుంచి వేడి పెట్టారా అని డాక్టరు అడిగాడు. రోజంతా పెట్టామని కోడలు ఒప్పుకుంది. పంటి చీముకు బయటనుంచి వేడి పెడితే అది ఇంకా పాకుతుందని, మొహం వాచినా, నోరు తెరుచుకోకపోయినా, మింగుడు పడకపోయినా అది ఇక పంటి నొప్పి కాదని, ఆ క్షణమే రావాలని అతను చెప్పాడు. రేపటి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేదు. చెప్పకుండా చేతులు కడుక్కున్నాడు.

రెండు మూడు రోజులు ఇక్కడే ఉండాలనగానే పెద్దావిడ చెయ్యి అడ్డంగా ఊపింది. తలుపు వైపు చూపించింది, తనను చూపించుకుంది, అంతా తగ్గిపోయిందన్నట్టు చేతులు తిప్పింది. ఆదివారం పని ఉంది. తను హాల్లో లేకపోతే ఆ ఒప్పుకోలు అలాగే ఉండిపోతుంది. వెళ్ళాలి, ఏదో ఒకటి చెయ్యాలి. ఇంటికి పంపించమంటున్నారా అని డాక్టరు అడిగాడు.

"ఈవిడ మాట వినకండి డాక్టరు గారూ," అంది కోడలు. "నొప్పి లేదు లేదని వారం నుంచి ఇదే వరస. మీరు పొమ్మనేదాకా ఇక్కడే ఉంటుంది."

పెద్దావిడ కోడలి కేసి చూసింది. ఈ చూపు చూస్తే ఇంట్లో కొడుకు కూడా తల దించుకుంటాడు. లారీ తోలుకుంటూ ఊళ్ళు తిరిగే ఆ కొడుకు ఇప్పుడు ఎక్కడున్నాడో గాని, ఉంటే ఇది చూసి నోరెళ్ళబెట్టేవాడు. కోడలు తల దించుకోలేదు. దుప్పటి లాగి అత్త కాళ్ళ మీద కప్పింది. పెద్దావిడకు ఒళ్ళు మండింది. ఎందుకో లోపల ఒక మూల ముచ్చట కూడా వేసింది. ఆ ముచ్చట మొహంలో కనపడకుండా గోడ వైపు తిరిగింది.

శనివారం జ్వరం దిగింది. కోడలు మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి చీరలూ తువ్వాళ్ళూ తెచ్చింది. ఎందుకింత ఆలస్యమైందని పెద్దావిడ చేత్తో అడిగింది. దారిలో ఇస్త్రీ అక్క ఇంటికి వెళ్ళి ఆసుపత్రి సంగతి చెప్పి వచ్చానంది కోడలు. ఇంకేం చెప్పావని ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే పెద్దావిడ కోడల్ని పనికి వెళ్ళమంది. నోరు ఇప్పుడు వేలు మందం తెరుచుకుంటోంది, కట్టు కింద గొంతు బొంగురుగా పలుకుతోంది, కానీ రెండు రోజులు మాట్లాడించొద్దని డాక్టరు ఆజ్ఞ. అందుకని చేతులతోనే చెప్పింది. పాసు లేకుండా వచ్చేశావు, ఇవాళ కూడా వెళ్ళకపోతే నీ ఉద్యోగం ఉండదు, నాదెలాగూ పోయింది, ఇంట్లో ఒకరిదైనా మిగలాలి. కోడలు అంతా ఓపిగ్గా చూసి అర్థం కానట్టు మొహం పెట్టింది. అర్థం కాకపోవడం ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఎండ కిటికీలోకి వచ్చే వేళకు వార్డు తలుపు దగ్గర ఇస్త్రీ అక్క కనపడింది. చేతిలో పాల సీసా. మంచం దగ్గరికి వచ్చి, కట్టు చూసి, నా చేతులతో నేనే వేడి పెట్టానే, నిన్ను చంపుకునేదాన్నే అని భోరుమంది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది. తరవాత ఒక్కసారిగా గుర్తొచ్చి, చేత్తో అడిగింది, ఇవాళ పని కదా అని.

ఇస్త్రీ అక్క కళ్ళు తుడుచుకుంది. పరామర్శకు వచ్చాను, పరామర్శ మానుకుని ఎవరైనా పనికి పోతారా అంది.

వెనకాల ముందు వరసామె వచ్చింది, ఫ్యాను తన వైపు తిప్పుకునే ఆవిడ. తరవాత జేబులు కుట్టేవాళ్ళిద్దరు. పిల్లకు జ్వరమన్నామె పిల్లను చంకన వేసుకుని వచ్చింది, శుక్రవారం నాటి చూపు ఆమె మొహాన లేదు. ఒకామె జామపళ్ళు తెచ్చి, పెద్దావిడ నమలలేదని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. ఒక్కో పేషెంటుకు ఇద్దరే, మిగతావాళ్ళు బయట ఉండాలని నర్సు వచ్చి గదిమింది. సరేనమ్మా అని అందరూ నడవాలోకి వెళ్ళి గోడ వారన వరసగా నిలబడ్డారు. ఇద్దరు వెళ్ళి ఇద్దరు వస్తున్నారు. ఎవరికీ తొందర లేదు. రానివాళ్ళూ ఉన్నారు. భయపడి పనికి వెళ్ళినవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. కానీ గుండీలు కుట్టేవాళ్ళు పనికి వెళ్ళి, చొక్కా చేతులు అతికేవాళ్ళు వెళ్ళకపోతే చొక్కా ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. అక్కడ హాల్లో ఇప్పుడేం జరుగుతూ ఉంటుందో మంచం మీద పెద్దావిడకు కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది.

ఆమె కోడలి కేసి చూసింది. కోడలు పాలు చల్లార్చడంలో మునిగిపోయినట్టుంది.

నువ్వు చెప్పావా అని సైగ చేసింది.

"ఆదివారం పొద్దుటి నుంచీ చూడనిస్తారని చెప్పానండి," అంది కోడలు. "ఇంకేం చెప్పలేదు."

ఇస్త్రీ అక్క ఫోను మోగింది. పేరు చూసి ఆమె మొహం పాలిపోయింది, సూపర్‌వైజరు అంది. పెద్దావిడ దిండు మీదనుంచి లేచి చెయ్యి చాపింది. బొంగురు గొంతయితేనేం, ఒక్క ముక్క చాలు. శుక్రవారం నుంచి లోపల కాగుతున్న ముక్క. కోడలు ఆ చెయ్యిని పట్టుకుని మెల్లిగా పక్క మీద పెట్టి, ఫోను తనే తీసుకుంది. వార్డు చివరి మంచం దాకా వినపడేంత గట్టిగా అరుస్తున్నాడు సూపర్‌వైజరు. లారీ అంటున్నాడు, సరుకంటున్నాడు, ఒక్కొక్కర్నీ పీకేస్తానంటున్నాడు. కోడలు అడ్డు రాకుండా అంతా విన్నది. చివరికి అతను గొంతు తగ్గించి, శుక్రవారం అందరి ముందూ అడిగాను కదా, మీ అత్త కూడా ఒప్పుకుంది కదా, ఇప్పుడు మాట తప్పితే ఎలా అన్నాడు.

"మా అత్తయ్య ఒప్పుకోలేదు సార్," అంది కోడలు. "ఆ రోజు ఆవిడకి నోరు తెరుచుకోలేదు, అంతే. మేమెవ్వరం ఒప్పుకోలేదు. రేపు ఎప్పటిలాగే పొద్దున వస్తాం, అందరం."

కోడలు ఫోను ఇస్త్రీ అక్కకు ఇచ్చేసింది. చేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది. గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి, పుక్కిలించే వేళయిందంటూ గ్లాసు అత్త ముందు పెట్టింది. పెద్దావిడ మారుమాట లేకుండా అందుకుంది.